స్పైవేరు తొలగింపు

స్పైవేరు తొలగింపు అనగా కంప్యూటరులో యజమానికి తెలియకుండా చేరి, అతడు చేసే పనులను గమనిస్తూ, ఆ సమాచారమును ఇతరులకు చేరవేసే సాఫ్టువేరును గుర్తించి తీసివేయుట. స్పైవేరును తెలుగులో నిఘా సాఫ్టువేరు అనియు, గూఢచారి సాఫ్టువేరు అనియు వ్రాయుట కలదు. జనవ్యవహారములో మాత్రము కంప్యూటరుకు వచ్చే ప్రతి జబ్బూ "వైరసే". ఈ వ్యాసము విండోస్ నిర్వహణ వ్యవస్థతో పనిచేసే ఇంటి కంప్యూటర్లకు సంబంధించినది. ఉదాహరణలు కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల వాడుకను దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడినవి.

ఇతర చిన్న పట్టణాలలో వలెనే ఇక్కడ కూడా కంప్యూటరు నెమ్మదించగానే దుకాణమునకు తీసుకొనిపోయి "ఫార్మాటు కొట్టించుట" సర్వరోగనివారిణిగా స్థిరపడినది. ఫార్మాటు తప్పనిసరి అయ్యే సందర్భములు కొన్ని ఉన్నవి. కాని అనేక సందర్భములలో స్పైవేరును ఇంటి వద్దనే, రూపాయి ఖర్చు లేకుండా, ఉన్న ఫైళ్ళు పోకుండా తీసివేయవచ్చును. పైగా ఎక్కడి నుండి వచ్చిన డిస్కుతో విండోస్ వేయించినారో తెలియనప్పుడు, ఫార్మాటు పిమ్మట కంప్యూటరు శుభ్రముగా ఉన్నదని చెప్పుటకు వీలు లేదు.

వైరసుకూ స్పైవేరుకూ భేదము

వైరసు తనను తాను ఇతర ఫైళ్ళకు అంటించుకొని వ్యాపించును. స్పైవేరుకు వ్యాపించవలసిన అవసరము లేదు; ఒకే కంప్యూటరులో ఎంత ఎక్కువ కాలము కనబడకుండా ఉండగలిగితే దాని యజమానికి అంత లాభము. ఈ ఒక్క భేదము వలననే తొలగించే పద్ధతి కూడా మారుతుంది. వైరసు విషయములో పాడైన ఫైళ్ళను వెదకవలెను. స్పైవేరు విషయములో, కంప్యూటరు వేసిన ప్రతిసారీ అది ఎక్కడి నుండి లేచి వస్తున్నదో ఆ తావును వెదకవలెను.

స్పైవేరులో పలు రకములు ఉన్నవి. ప్రకటనలు చూపుటకై వాడుకరి చూసే పేజీలను నమోదు చేసేది ఆడ్‌వేరు. నొక్కిన ప్రతి మీటనూ వ్రాసుకొనేది కీలాగరు. బ్రౌజరు మొదటి పేజీని, వెదుకు యంత్రమును తన ఇష్టమునకు మార్చేది హైజాకరు. బ్రౌజరులో దాచిన సంకేతపదములను ఒక్కసారిగా దోచి పంపేది ఇన్ఫోస్టీలరు. నేడు అన్నింటికన్నా ఎక్కువ నష్టము కలిగించుచున్నవి ఇవే. ఇంటిలోని వారే మరొకరిపై నిఘా కొరకు పెట్టేది స్టాకర్‌వేరు.

చరిత్ర

స్పైవేరు అను పదము 1995 అక్టోబరులో యూస్‌నెట్ చర్చలో మైక్రోసాఫ్ట్ వ్యాపార విధానమును ఎగతాళి చేయుచూ వ్రాసిన ఒక సందేశములో మొదట కనబడినది. ఇప్పటి అర్థములో అది స్థిరపడినది 2000 ప్రాంతమున. ఆ ఏడాదే అమెరికాకు చెందిన స్టీవ్ గిబ్సన్, తన కంప్యూటరు నుండి సమాచారము బయటకు పోవుచున్నదని గమనించి, "ఆప్టౌట్" అను తొలగింపు సాధనమును వెలువరించెను. లావాసాఫ్ట్ వారి యాడ్-అవేర్, జర్మనీకి చెందిన పాట్రిక్ కొల్లా రచించిన స్పైబాట్ సెర్చ్ అండ్ డెస్ట్రాయ్ ఆ దశకములో లోకమంతటా ఇంటి కంప్యూటర్లలో కనబడిన సాధనములు.

2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చిన తరువాత స్పైవేరుకు స్వర్ణయుగము మొదలైనదని చెప్పవచ్చును. యాక్టివ్-ఎక్స్ అను సదుపాయము ద్వారా ఒక పేజీని తెరిచి "యెస్" నొక్కినంత మాత్రమున ప్రోగ్రాము స్థాపితమయ్యేది. ఊదారంగు కోతి బొమ్మతో మాటలాడే బోంజీ బడ్డీ, సంకేతపదములు గుర్తుంచుకొనెదనని చేరిన గేటర్, బ్రౌజరును పట్టుకొని వదలని కూల్ వెబ్ సెర్చ్ ఆనాటి పేరుమోసిన ఉదాహరణలు. 2004 అక్టోబరులో అమెరికాలో ఏఓఎల్ సంస్థ, నేషనల్ సైబర్ సెక్యూరిటీ అలయెన్స్ కలిసి జరిపిన సర్వేలో పరీక్షించిన గృహ కంప్యూటర్లలో 80 శాతము వాటిలో స్పైవేరు కనబడినది. అవి ఉన్న వారిలో 89 శాతము మందికి ఆ సంగతే తెలియదు.

పేరున్న కంపెనీలు కూడా ఇందుకు మినహాయింపు కాలేదు. 2005 అక్టోబరులో సోనీ బీఎంజీ వారి సంగీతపు సీడీలు కంప్యూటరులో రహస్య సాఫ్టువేరును దాచుచున్నవని మార్క్ రుసినోవిచ్ బయటపెట్టినాడు. 2004 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ జెయింట్ అను కంపెనీని కొని, దాని సాధనమును 2006లో విండోస్ డిఫెండర్ పేరుతో విడుదల చేసినది. 2012లో విండోస్ 8 నుండి ఇది నిర్వహణ వ్యవస్థలోనే సంపూర్ణ రక్షణ సాధనముగా వస్తున్నది. కాబట్టి నేడు సాధారణ గృహ వాడుకరి తప్పనిసరిగా యాంటీవైరసు కొనవలెనని చెప్పుటకు లేదు. పూణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 వంటి దేశీయ సాధనములు వాడే వారు వాటినే వాడుకొనవచ్చును. అయితే రెండు యాంటీవైరసులను ఒకేసారి నడిపినచో అవి ఒకదానినొకటి అనుమానించి కంప్యూటరును మరింత నెమ్మదింపజేయును.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములో ప్రవేశ మార్గములు

ఆదోని ప్రత్తి, వేరుశనగ వ్యాపారమునకు, ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘము ఎమ్మిగనూరుకు పేరు తెచ్చినది. ఈ వృత్తి వ్యాపారముల కారణముగా ఇక్కడి ఇంటి కంప్యూటరు ఇంటి పనికే పరిమితము కాదు. అందులో కమీషను వ్యాపారి ట్యాలీ లెక్కలు, నేత డిజైన్ల బొమ్మలు, పెండ్లి పత్రికల డీటీపీ ఫైళ్ళు, పిల్లల పరీక్షల దరఖాస్తులు, కుటుంబపు ఫోటోలు ఒకే చోట ఉంటవి. స్పైవేరు వలన కలిగే నష్టమూ, తొందరపడి ఫార్మాటు చేసినందువలన కలిగే నష్టమూ రెండూ ఇక్కడ పెద్దవే.

అన్నింటికన్నా పెద్ద ద్వారము దొంగ నకళ్ళు. విండోస్, ఆఫీసు, ఫోటోషాప్, పేజీమేకర్, తెలుగు ఫాంట్ల పొందికలు - వీటి ధర భరించలేక తాళము పగులగొట్టిన నకళ్ళను వాడుట తెలుగు నాట డీటీపీ రంగమున చిరకాలముగా ఉన్న అలవాటు. ఇట్టి నకలుతో వచ్చే "క్రాక్", "కీజెన్" అను చిన్న ప్రోగ్రాములను నడుపుటకు ముందు యాంటీవైరసును ఆపివేయుమని సూచన ఉంటుంది. ఆ సూచనను పాటించుట ఇంటి తాళము తీసి దొంగను పిలుచుటతో సమానము. క్రాకులన్నింటిలో స్పైవేరు ఉండునని కాదు. అయితే ఉన్నదో లేదో చెప్పగల ఏకైక కావలివానిని మనమే పంపివేసినట్లగును.

రెండవది పెన్‌డ్రైవు. జిరాక్సు దుకాణములో ప్రింటు తీయించుటకు, ఫోటో స్టూడియో నుండి ఫోటోలు తెచ్చుకొనుటకు, సెల్‌ఫోను దుకాణములో పాటలు ఎక్కించుకొనుటకు వాడిన పెన్‌డ్రైవు లేదా మెమరీ కార్డు రోజుకు ఎన్ని కంప్యూటర్లు తిరుగునో లెక్క లేదు. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక నవీకరణ ద్వారా పాత విండోస్‌లలో పెన్‌డ్రైవు పెట్టగానే ప్రోగ్రాము దానంతట అదే నడిచే సదుపాయమును ఆపివేసినది. దొంగ నకళ్ళు వాడేవారు నవీకరణలను నిలిపివేసుకొందురు గనుక ఆ రక్షణ వారికి అందలేదు.

మూడవది ఉచిత ప్రోగ్రాములతో జతగా వచ్చేవి. వీడియో ప్లేయరు, పీడీఎఫ్ మార్చే సాధనము, డ్రైవరు అప్‌డేటరు వంటివి స్థాపించునపుడు ముందే టిక్కు పెట్టి ఉన్న గడులను చూడకుండా "నెక్స్ట్" నొక్కుకుంటూ పోవుట వలన ఇవి చేరును. చట్టము దృష్టిలో వాడుకరి అనుమతి ఇచ్చినట్లే లెక్క అని వాటి తయారీదారుల వాదన. 2006లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వాదనను లెక్కచేయక జాంగో అను ఆడ్‌వేరు కంపెనీ చేత 30 లక్షల డాలర్లు కట్టించినది.

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు వచ్చిన తొలి సంవత్సరములలో చిన్న ప్లానులకు నెలకు కొన్ని వందల మెగాబైట్ల పరిమితి ఉండేది. ఎవరూ వాడకున్నను స్పైవేరు రాత్రింబవళ్ళు సమాచారము పంపుకొనుట వలన పరిమితి దాటి బిల్లు పెరిగేది. ఆ రోజులలో అది ఒక విధముగా మేలే చేసినది. బిల్లు చూసైనా అనుమానము కలిగేది. అపరిమిత డేటా రోజులలో ఆ హెచ్చరిక కూడా లేదు.

లక్షణములు

బ్రౌజరు మొదటి పేజీ మారిపోవుట, తెరవని పేజీలు తెరుచుకొనుట, తెర కుడి మూలన అశ్లీల లేదా భయపెట్టే సందేశములు వచ్చుట, స్థాపించని పనిముట్ల పట్టీలు కనబడుట, యాంటీవైరసు దానంతట అది ఆగిపోవుట ముఖ్య లక్షణములు. కంప్యూటరు నెమ్మదించుట ఒక్కటే లక్షణము కాదు. పాత హార్డుడిస్కు, చాలని మెమరీ, వేసవిలో ధూళి పట్టిన ఫ్యాను కూడా అందుకు కారణము కావచ్చును. తెర మూలన వచ్చే సందేశములు చాలాసార్లు స్పైవేరు కూడా కావు. ఏదో ఒక జాలస్థలి "అలో" నొక్కమన్నపుడు నొక్కినందున బ్రౌజరు చూపే నోటిఫికేషన్లు అవి. బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్ల అనుమతి తీసివేసినచో ఆగిపోవును.

ఇన్ఫోస్టీలర్లకు మాత్రము పైకి లక్షణమే ఉండకపోవచ్చును. నిమిషములలో పని ముగించుకొని తమను తామే చెరుపుకొనేవి కూడా ఉన్నవి. తన ఖాతాలోకి ఎవరో ప్రవేశించినారని సందేశము వచ్చుటయే మొదటి సూచన.

తొలగించుటకు ముందు

మొదట అంతర్జాల సంబంధమును తెంచవలెను. మోడెము తీగను పీకివేయుట లేదా వైఫైని ఆపుట చాలును. దీనివలన సమాచారము బయటకు పోవుట ఆగును.

రెండవ పని సంకేతపదములు మార్చుట. దీనిని ఆ కంప్యూటరులో చేయరాదు. కీలాగరు ఉన్న యంత్రములో కొత్త సంకేతపదము కొట్టినచో అదీ పోవును. అనుమానము లేని మరొక యంత్రము నుండి మొదట ఈమెయిలు, తరువాత బ్యాంకు, ఆ పిమ్మట మిగిలిన ఖాతాలు మార్చుకొనవలెను. ఈమెయిలును ముందు పెట్టుటకు కారణము ఉన్నది: మిగిలిన ఖాతాలన్నింటి సంకేతపదములను తిరిగి పొందుటకు దారి అదే. ఈమెయిలు సెట్టింగులలో "అన్ని పరికరముల నుండి బయటకు" అను మీటను కూడా నొక్కవలెను. ఇన్ఫోస్టీలర్లు సంకేతపదముతో పాటు, ఇప్పటికే లోపల ఉన్నట్లు గుర్తు తెలిపే కుకీలను కూడా దోచును గనుక సంకేతపదము మార్చినంత మాత్రమున వారు బయటకు పోకపోవచ్చును.

మూడవది ముఖ్యమైన ఫైళ్ళ నకలు. ఫోటోలు, పత్రములు, ట్యాలీ డేటా ఫోల్డరు, డీటీపీ ఫైళ్ళు వేరే డిస్కునకు ఎక్కించవలెను. ప్రోగ్రాములను, అనగా ఈఎక్స్ఈ ఫైళ్ళను, నకలు తీయరాదు. తెలుగు డీటీపీ వారు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకొనవలెను. అను వంటి పాత ఫాంట్లతో కూర్చిన తెలుగు యూనికోడు కాదు; ఆ ఫాంటు లేని కంప్యూటరులో అది అర్థము లేని ఇంగ్లీషు అక్షరములుగా కనబడును. కావున తాము వాడిన ఫాంటు ఫైళ్ళను కూడా భద్రపరచుకొనుట మంచిది. ఫార్మాటు తరువాత "ఫైళ్ళు ఉన్నవి, తెలుగు పోయినది" అను ఫిర్యాదుకు కారణము సామాన్యముగా ఇదియే.

నాల్గవది, ఆ నిఘా సాఫ్టువేరును ఇంటిలోని వ్యక్తియే పెట్టి ఉండవచ్చునని అనుమానము ఉన్నచో వెంటనే తొలగించుట క్షేమము కాకపోవచ్చును. అది పోయిన సంగతి పెట్టిన వారికి తెలియును. గృహహింసకు లోనగుచున్న స్త్రీ ముందుగా వేరొకరి ఫోను నుండి సహాయము కోరి, సాక్ష్యము నిలుపుకొని, తరువాత తొలగించుకొనవలెను. మహిళా సహాయ సంఖ్య 181.

తొలగింపు

మొదట సులభమైన చోటు చూడవలెను. సెట్టింగులలో స్థాపించిన ప్రోగ్రాముల జాబితాను తేదీల వారీగా అమర్చి, జబ్బు మొదలైన రోజు ప్రాంతమున చేరిన పేర్లను పరిశీలించవలెను. తమకు తెలియని పేరు కనబడినచో ఆ పేరును వేరే యంత్రములో వెదకి చూచి, అనవసరమైనదని తేలిన తరువాత తీసివేయవలెను. ఆడ్‌వేరులో గణనీయమైన భాగము ఇక్కడనే పోవును.

తరువాత బ్రౌజరు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అన్నింటిలోనూ ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, తాము పెట్టనివి తీసివేయవలెను. తీసిన ఎక్స్‌టెన్షను మరునాడు తిరిగి వచ్చినచో రెండు కారణములు ఉండవచ్చును. గూగుల్ ఖాతా సింక్ ద్వారా మరొక కంప్యూటరు నుండి తిరిగి దిగి ఉండవచ్చును. లేదా కంప్యూటరులోని వేరొక ప్రోగ్రాము దానిని మరల నాటుచుండవచ్చును. ఇంటి కంప్యూటరులోని బ్రౌజరు "మీ సంస్థచే నిర్వహింపబడుచున్నది" అని చూపుచున్నచో రెండవ దానినే మొదట అనుమానించవలెను.

ఇప్పుడు అది లేచి వచ్చే తావులు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజరు తెరుచుకొనును. దాని స్టార్టప్ భాగములో, కంప్యూటరు వేయగానే నడిచే ప్రోగ్రాములు ఉండును. అనుమానము ఉన్న పేరుపై కుడి మీట నొక్కి, ఫైలు ఉన్న చోటును తెరిచి చూడవలెను. టెంప్ ఫోల్డరులో గాని, యాప్‌డేటా లోపల అర్థము లేని అక్షరముల పేరుగల ఫోల్డరులో గాని ఉన్నచో అనుమానము బలపడును. స్పైవేరు రచయితలకు విండోస్ సొంత పేర్లను అనుకరించుట ఇష్టము. ఎస్‌విసిహోస్ట్ అను అసలు ప్రోగ్రాము సిస్టమ్32 ఫోల్డరులో ఉండును. దాని ఇంగ్లీషు పేరులోని "ఓ" అక్షరమునకు బదులు సున్న పెట్టి వేరే ఫోల్డరులో కూర్చున్నది నకిలీ.

స్టార్టప్ జాబితాలో కనబడనివి టాస్క్ షెడ్యూలరులో, సేవల జాబితాలో, రిజిస్ట్రీలో దాగి ఉండును. వీటన్నింటినీ ఒకే చోట చూపే సాధనము ఆటోరన్స్. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ స్థాపించిన సిస్‌ఇంటర్నల్స్ వారిది. 2006లో ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ కొన్నది. ఇప్పటికీ ఉచితము. ఎక్స్‌పీ కాలములో ఇదే పని చేసిన హైజాక్‌దిస్ అను సాధనమును డచ్ విద్యార్థి మెరైన్ బెలెకోమ్ రచించెను. రెంటికీ ఒక సామ్యము ఉన్నది: ఇవి ఉన్నది ఉన్నట్లు చూపును, మంచిదో చెడ్డదో తీర్పు చెప్పవు. కావున కనబడిన ప్రతి దానినీ చెరుపుట ప్రమాదము. ఆటోరన్స్‌లో మైక్రోసాఫ్ట్ సొంత అంశములను దాచమని ఎంచుకొనిన పిదప, మిగిలిన వాటిలో అనుమానము ఉన్నదాని ఎదుట టిక్కు మాత్రము తీసివేయవలెను. టిక్కు తీసినచో తిరిగి పెట్టవచ్చును. చెరిపినచో తిరిగి రాదు.

ఆ పిమ్మట స్కాను. స్కాను సాధనమును తాజాపరచుటకు కొద్ది సేపు అంతర్జాలము కలుపవచ్చును. విండోస్ డిఫెండరులో మొదట పూర్తి స్కాను, తరువాత ఆఫ్‌లైన్ స్కాను చేయవలెను. ఈ రెండవది ముఖ్యము. నడుచుచున్న స్పైవేరు తనను వెదికే సాధనమునకు అబద్ధము చెప్పగలదు. ఆఫ్‌లైన్ స్కానులో కంప్యూటరు తిరిగి మొదలై, విండోస్ లేవక ముందే వెదకుట జరుగును. అప్పటికి స్పైవేరు నిద్రలోనే ఉండును. దీనికి సుమారు పావుగంట పట్టును. రెండవ అభిప్రాయము కొరకు మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రూపమును, ఆడ్‌వేరు కొరకు అదే కంపెనీ వారి ఆడ్‌డబ్ల్యుక్లీనరును వాడవచ్చును.

స్కానులో దొరికిన ప్రతిదీ సమాన ప్రమాదకరము కాదు. కుకీలను కూడా లెక్కలోకి తీసుకొని "వందలాది బెదిరింపులు" అని చూపే సాధనములు ఉన్నవి. పేరులో ట్రోజన్, స్టీలర్, బ్యాక్‌డోర్ అని ఉన్నవి ఆందోళన చెందవలసినవి.

పెన్‌డ్రైవులోని ఫోల్డర్లన్నీ మాయమై వాటి స్థానమున షార్ట్‌కట్లు మిగిలినచో ఫైళ్ళు పోలేదని గ్రహించవలెను. అవి దాచబడినవి అంతే. ఇక్కడ చాలామంది తొందరపడి పెన్‌డ్రైవును ఫార్మాటు చేసి ఫోటోలు పోగొట్టుకొందురు. షార్ట్‌కట్లను నొక్కకుండా, ముందు కంప్యూటరును శుభ్రపరచి, తరువాత పెన్‌డ్రైవును స్కాను చేసి, కమాండ్ ప్రాంప్టులో ఆట్రిబ్ ఆదేశముతో దాచిన గుర్తును తీసివేసినచో ఫోల్డర్లు యథాస్థానమున కనబడును.

అంతర్జాలము పనిచేయకపోవుట

స్పైవేరును తీసిన తరువాత పేజీలు తెరుచుకొనకపోవుట తరచు ఎదురయ్యే సమస్య. వాడుకరి "ఏదో పాడు చేసితిని" అని భయపడి దుకాణమునకు పరుగెత్తేది ఇప్పుడే. నిజానికి కంప్యూటరుకూ అంతర్జాలమునకూ నడుమ కూర్చున్న దళారిని తీసివేసినందున దారి తెగినది, అంతే. ప్రాక్సీ సెట్టింగులో ఏదైనా చిరునామా మిగిలి ఉన్నచో తీసివేయవలెను. హోస్ట్స్ అను ఫైలులో యాంటీవైరసు కంపెనీల జాలస్థలుల పేర్లు ఉన్నచో అవి స్పైవేరు వ్రాసినవే. అప్పటికీ పని చేయనిచో కమాండ్ ప్రాంప్టులో విన్‌సాక్ రీసెట్ ఆదేశమిచ్చి కంప్యూటరును తిరిగి మొదలుపెట్టవలెను. ఎక్స్‌పీ రెండవ సర్వీసు ప్యాకుకు ముందు ఈ ఆదేశము లేకపోవుట వలన న్యూడాట్‌నెట్ వంటి వాటిని తీసినవారు నిజముగానే చిక్కుల్లో పడేవారు.

నాల్గవ చోటు డీఎన్ఎస్. పేరును చిరునామాగా మార్చే ఈ సేవను తమ సర్వర్లకు మళ్ళించిన డీఎన్ఎస్ ఛేంజరు ముఠాను 2011 నవంబరులో ఎస్తోనియాలో పట్టుకొన్నారు. బాధిత కంప్యూటర్లు ప్రపంచములో సుమారు 40 లక్షలు. వారి సర్వర్లను వెంటనే ఆపినచో ఈ కంప్యూటర్లన్నింటికీ అంతర్జాలము తెగిపోవునని కోర్టు అనుమతితో వాటికి బదులు మంచి సర్వర్లను 2012 జూలై 9 వరకు నడిపినారు. ఈ మార్పు కంప్యూటరులోనే కాక మోడెములో కూడా ఉండవచ్చును. అప్పుడు కంప్యూటరును పదిసార్లు ఫార్మాటు చేసినను ఫలితము లేదు. మోడెమును తొలి స్థితికి తెచ్చి దాని సంకేతపదము మార్చవలెను. 2017 జూలైలో కర్ణాటకలో బీఎస్ఎన్ఎల్ మోడెములు హానికర సాఫ్టువేరుకు లోనైనపుడు, మొదట ఇచ్చిన "అడ్మిన్" అను సంకేతపదమును మార్చుకొనని వారే నష్టపోయినారు.

ఫార్మాటు ఎప్పుడు తప్పదు

ఇన్ఫోస్టీలరు గాని, బ్యాక్‌డోరు గాని దొరికినచో, లేదా ఆ కంప్యూటరుతో బ్యాంకు పనులు, వ్యాపారపు లెక్కలు చేయుచున్నచో విండోస్‌ను కొత్తగా స్థాపించుటయే ఉత్తమము. ఎందుకనగా ఎవరో లోపల ఉండి వెళ్ళిన కంప్యూటరులో ఇంకేమి విడిచినారో ఏ స్కానూ హామీ ఇవ్వలేదు. తీసినది రెండుసార్లు తిరిగి వచ్చినను ఇదే మార్గము.

స్థాపనకు వాడే డిస్కు ముఖ్యము. మైక్రోసాఫ్ట్ జాలస్థలి నుండి 8 జీబీ పెన్‌డ్రైవునకు స్థాపక ఫైళ్ళను ఎవరైనను ఉచితముగా దించుకొనవచ్చును. విండోస్‌తో వచ్చిన కంప్యూటరుకు అదే లైసెన్సు తిరిగి వర్తించును, మరల కొననక్కరలేదు. ఈ సంగతి తెలియకనే అసలు లైసెన్సు ఉన్న ల్యాప్‌టాపులో సైతము దుకాణపు దొంగ నకలు వేయించుకొనేవారు ఉన్నారు. దుకాణములో చేయించునపుడు "సీ డ్రైవు మాత్రమేనా, డిస్కు అంతానా" అని ముందే అడిగి తెలుసుకొనవలెను. ఆఖరి ఫోటో వరకు నకలు తీసి ఉన్నదని చూచుకొనిన పిదపనే యంత్రమును అప్పగించవలెను.

ఎక్స్‌పీకి నవీకరణలు 2014 ఏప్రిల్ 8తోను, విండోస్ 7కు 2020 జనవరి 14తోను ఆగినవి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11కు తగని పాత కంప్యూటరు ఉన్నవారికి లినక్సు ఒక మంచి ప్రత్యామ్నాయము. ఉబుంటు వంటివి ఉచితము, తెలుగు యూనికోడును చక్కగా చూపును. ట్యాలీ, పాత తెలుగు డీటీపీ ఫాంట్ల సాధనములు అందులో నేరుగా నడవవు గనుక వ్యాపారస్తులకు, డీటీపీ వారికి ఇది కష్టమే.

నకిలీ తొలగింపు సాధనములు

"మీ కంప్యూటరులో 38 వైరసులు ఉన్నవి" అని బ్రౌజరులో వచ్చే పేజీ ఏదీ నిజము కాదు. ఒక జాలస్థలికి మన డిస్కును వెదికే శక్తి లేదు. 2005 ప్రాంతమున స్పైషెరిఫ్, విన్‌ఫిక్సర్, తరువాత యాంటీవైరస్ 2009 అను నకిలీలు ఈ భయముతోనే డబ్బు వసూలు చేసినవి. నేడు అదే మోసము ఫోను సంఖ్యతో వచ్చుచున్నది. ఫోను చేసినచో మైక్రోసాఫ్ట్ ఉద్యోగినని చెప్పి ఎనీడెస్క్ వంటి దూరనియంత్రణ సాధనమును పెట్టించుదురు. ఆ సాధనము స్వతహాగా మంచిదే గనుక యాంటీవైరసు మిన్నకుండును. పేజీ మూతపడనిచో టాస్క్ మేనేజరు ద్వారా బ్రౌజరును ముగించిన చాలును.

చట్టము, ఫిర్యాదు

సమాచార సాంకేతిక చట్టము 2000 అక్టోబరు 17 నుండి అమలులో ఉన్నది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో హానికర సాఫ్టువేరు ప్రవేశపెట్టుట 43వ సెక్షను క్రింద నష్టపరిహారమునకు, దురుద్దేశముతో చేసినచో 66వ సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానాకు దారితీయును. డబ్బు పోయినచో 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపితే ఆ సొమ్మును తదుపరి ఖాతాలో నిలిపివేయుటకు అంత అవకాశము.

భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్రమును ప్రారంభించినది. అందులో ఉచిత తొలగింపు సాధనములు లభించును. పెన్‌డ్రైవులను అదుపు చేసే యూఎస్‌బీ ప్రతిరోధ్, అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే నడవనిచ్చే యాప్‌సంవిద్, ఫోనుల కొరకు ఎం-కవచ్ అప్పుడు విడుదలైనవి. ఇవి హైదరాబాదులోని సీ-డాక్ కేంద్రపు కృషి.

మొబైలు ఫోనులు

ఇంటి కంప్యూటరు చేసే పనులలో అనేకము ఫోనుకు మారినందున స్పైవేరు కూడా వెంట వెళ్ళినది. వాట్సాప్‌లో పెండ్లి పత్రిక అనియు, ట్రాఫిక్ చలానా అనియు, పీఎం కిసాన్ సొమ్ము అనియు వచ్చే ఏపీకే ఫైలు ఇప్పటి "క్రాక్". అది ఎస్ఎంఎస్‌లు చదువుటకు అనుమతి అడిగి, బ్యాంకు ఓటీపీలను దొంగిలించును. భారత ప్రత్తి సంస్థ 2025లో మద్దతు ధర అమ్మకముల నమోదుకై కపాస్ కిసాన్ యాప్‌ను తెచ్చిన తరువాత ఆదోని పరిసరముల రైతులకు కూడా ఫోను తప్పనిసరి పనిముట్టు అయినది. ఇట్టి యాప్‌లను ప్లే స్టోరు నుండి మాత్రమే దించుకొనవలెను. పొరపాటున ఏపీకే స్థాపించినవారు ముందు ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టి, ఆ సిమ్ము ఉన్న ఖాతాలను వేరే ఫోను నుండి బ్యాంకుకు చెప్పి ఆపించవలెను. ఆ తరువాత సెట్టింగులలో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులను ఆ యాప్‌కు తీసివేయవలెను. ఇవి ఉన్నంత వరకు అన్‌ఇన్‌స్టాల్ మీట పనిచేయకపోవచ్చును. సేఫ్ మోడులో కూడా తీయుటకు వీలు కానిచో ఫ్యాక్టరీ రీసెట్ చేయవలెను.